ఏడు రోడ్ల దగ్గర బండి ఆగిపోతే

తమ్ముడు: అందరికీ నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాం. నేను మెకానిక్‌ని, పొద్దస్తమానం షెడ్డులో బండ్లతోనే నా పని. ఈ రోజు మా అక్కను బతిమాలి మైక్ ముందు కూర్చోబెట్టాను. అక్క టీచర్. 34 ఏళ్ళు వచ్చేదాకా బండికి వెనక సీటు తప్ప ముందు సీటు ఎరగదు. ఇప్పుడు రాయచోటి రోడ్డులో ఉన్న బడికి పోను 18, రాను 18 కిలోమీటర్లు గేర్ల బండి మీదే పోయి వస్తోంది. బండి నేర్చుకున్నాక కూడా రోడ్డెక్కాలంటే గుండె దడదడలాడే వాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. చెప్పక్కా.

అక్క: బండి కంటే ముందు బస్సు సంగతి చెప్పాలి. మా బడికి టైముకు పోయే బస్సు ఒక్కటే. అది తప్పితే షేర్ ఆటో. ఆటో నిండేదాకా కదలదు. నేను దిగేసరికి పిల్లలు ప్రార్థనకు వరసలో నిలబడి గేటు వైపే చూస్తుండేవాళ్ళు. అలా ఆలస్యంగా లోపలికి పోవడం నాకు చాలా కష్టంగా ఉండేది. ఇంట్లో నాన్న స్ప్లెండర్ ఊరికే పడి ఉంది. మోకాళ్ళ నొప్పులొచ్చాక ఆయన దాన్ని తీయడం లేదు. ఒకరోజు గుడ్డ తీసుకుని దాని మీద దుమ్ము తుడిచాను. అంతే, ఆ రోజే అనుకున్నాను.

తమ్ముడు: స్కూటీ కొనుక్కోమని నేనూ అన్నాను అప్పుడు.

అక్క: అందరూ అన్నారు. ఆఖరి 2 కిలోమీటర్లు మట్టి దారి రా. గుంతలు, కంకర. స్ప్లెండర్ చక్రం 18 అంగుళాలు, గుంతలో దిగినా లేచి వస్తుంది. స్కూటీ చిన్న చక్రాలతో ఆ దారిలో నడుము నిలవదు. అదీగాక ఉన్న బండిని వదిలి కొత్త అప్పు ఎందుకు?

తమ్ముడు: సరే. ఎల్‌ఎల్‌ఆర్, అదే నేర్చుకునేటప్పుడు ఇచ్చే లైసెన్సు, దాని సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. అది 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక లైసెన్సు పరీక్షకు పోవచ్చు. ఈలోపు బండికి ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ ఉండాలి, నేర్పేవాళ్ళను తప్ప వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఆ ఎర్ర అక్షరం పెట్టుకోవడానికి చాలామంది నామోషీ పడతారు. పెట్టుకోండి. వెనక వచ్చేవాడు దాన్ని చూసి కాస్త దూరం జరుగుతాడు.

అక్క: నిజమే. అది నాకు చాలా మేలు చేసింది.

తమ్ముడు: ఇప్పుడు అసలు విషయం. నా షెడ్డు దగ్గరికి వచ్చి నేర్చుకున్న వాళ్ళను చూసి నాకు ఒకటి బాగా అర్థమైంది. కొత్తవాళ్ళ భయం ముప్పాతిక భాగం ఎడమ చేతిలో ఉంటుంది. ఇంజన్ బలాన్ని చక్రానికి కలిపేదీ విడదీసేదీ ఆ చేతి కింద ఉండే క్లచ్. అది ఎక్కడ అందుకుంటుందో చేతికి తెలియదు. అందుకని బండి ఎప్పుడు ఎగురుతుందో, ఎప్పుడు ఆఫ్ అవుతుందో వాళ్ళకు తెలియదు. తెలియని దాని మీద కూర్చుంటే ఎవరికైనా టెన్షనే.

అక్క: ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో మొదటి వారం నువ్వు నన్ను అసలు తోలనివ్వలేదు, గుర్తుందా? ఫస్ట్ గేర్ వేయించావు. రెండు కాళ్ళూ నేల మీదే. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దన్నావు. క్లచ్ మెల్లగా వదులుతూ పోతే ఒక చోట ఇంజన్ గొంతు మారుతుంది. గట్టిగా ఉన్న మోత కాస్త బరువుగా, లోతుగా అవుతుంది. హ్యాండిల్ సన్నగా వణుకుతుంది. బండి ముందుకు ఒక బెత్తెడు పాకుతుంది. మళ్ళీ క్లచ్ పట్టెయ్యాలి. ఇదే పని, రోజుకు 50 సార్లు.

తమ్ముడు: విసుగొచ్చిందా?

అక్క: రెండో రోజు వచ్చింది. నాలుగో రోజు మాత్రం కళ్ళు మూసుకుని ఆ చోటు పట్టుకోగలిగాను. ఒకటో తరగతి పిల్లవాడికి ‘అ’ దిద్దించినట్టే ఇది కూడా. చెయ్యి తిరిగేదాకా దిద్దాలి. ఆ తర్వాత నడిచే మనిషి పక్కన నడిచే వేగంతో తోలించావు. వేగంగా పోవడం తేలిక, మెల్లగా పోవడమే కష్టమని అప్పుడు తెలిసింది. మెల్లగా పోయేటప్పుడు క్లచ్ సగం వదిలి, కుడికాలితో వెనక బ్రేకు కొద్దిగా నొక్కి ఉంచితే బండి ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తుంది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకెలా బండి తిప్పడానికి కూడా అదే పనికొచ్చింది.

తమ్ముడు: ఇక ఏడు రోడ్ల దగ్గర జరిగింది చెప్పు. దాని కోసమే ఈ ఎపిసోడ్ పెట్టాను.

అక్క: రోడ్డెక్కిన మూడో రోజు. సాయంత్రం 6 అయింది. ఏడు రోడ్ల కూడలి తెలియని వాళ్ళకు చెప్తున్నా, పేరులో ఉన్నట్టే అన్ని వైపుల నుంచీ వచ్చి కలుస్తారు. నా ముందు ఆటో ఆగింది, నేనూ ఆగాను. ఆటో కదిలింది. నేను కంగారులో క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. బండి ఆఫ్. సెల్ఫ్ కొట్టాను, స్టార్ట్ అయింది, మళ్ళీ వదిలేశాను, మళ్ళీ ఆఫ్. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒకటి కాదు, పది. మెడ వెనక చెమట ధారలు కట్టింది. చెవుల్లో హారన్ తప్ప ఏమీ లేదు. మూడోసారి బండి గేర్‌లో ఉందో న్యూట్రల్‌లో ఉందో కూడా మర్చిపోయాను.

తమ్ముడు: నేను వెనకే ఇంకో బండి మీద ఉన్నాను. ఆ క్షణంలో నేనేమీ అరవలేదు.

అక్క: అరవకపోవడమే మంచిదైంది. పక్కన తోపుడుబండి మీద చీనీ కాయలు అమ్మే పెద్దాయన ఉన్నాడు. ఆయన లేచి వచ్చి నా వెనక ఉన్న వాళ్ళ వైపు చెయ్యి అడ్డం పెట్టాడు. నాతో, “నిదానంగా తియ్యి తల్లీ, వాళ్ళు యాడికీ పోరు” అన్నాడు. ఆ మాట విన్నాక నా చెవి మళ్ళీ ఇంజన్ వైపు తిరిగింది. గ్రౌండులో విన్న ఆ గొంతు మార్పు కోసం చూశాను. వినపడింది. బండి కదిలింది.

తమ్ముడు: ఇది వినేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. బండి ఆఫ్ అయిందంటే ముందు క్లచ్ పూర్తిగా పట్టుకో, సెల్ఫ్ నొక్కు, ఊపిరి వదులు, మెల్లగా తియ్యి. 10 సెకన్ల పని. వెనకవాడు ఆ 10 సెకన్లు ఆగితే వాడికి పోయేదేమీ లేదు. వాడి హారన్‌కు భయపడి సందు లేని చోట దూరితేనే ప్రమాదం. ఇంకో మాట, స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకే పడతాయి. కొన్ని బండ్లలో ఫస్ట్ కిందికి, మిగతావి పైకి. వేరేవాళ్ళ బండి తీసుకుంటే కదిలే ముందే అది అడిగి తెలుసుకోండి.

అక్క: ఆ రాత్రి ఇంటికి వచ్చాక వేళ్ళు ముడుచుకోలేకపోయాను. అంత గట్టిగా పట్టుకున్నానన్నమాట హ్యాండిల్. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయట, నువ్వే చెప్పావు.

తమ్ముడు: వెనక నుంచి చూస్తే తెలిసిపోతుంది. మోచేతులు కర్రల్లా బిగిస్తే చిన్న గుంత పడినా ఆ కుదుపు నేరుగా హ్యాండిల్‌కు పోతుంది, బండి ఊగుతుంది, ఊగితే ఇంకా బిగిస్తాం. మోచేతులు వదులుగా ఉండాలి. పెట్రోల్ ట్యాంకును మోకాళ్ళతో పట్టుకోవాలి. పట్టు కాళ్ళతో, చేతులు స్వేచ్ఛగా.

అక్క: దానికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. కంటికి కనిపించింది కనిపించినట్టు హెల్మెట్ లోపల పైకి చెప్పుకుంటూ పోతాను. “ముందు స్పీడ్ బ్రేకర్. ఎడమ పక్క ఆటో, మనిషి దిగుతున్నాడు. గొర్రెల మంద, కుక్క వెనక ఉంది. రోడ్డు మీద సజ్జలు ఆరబోశారు, పక్కకు పోవాలి.” మాట్లాడాలంటే ఊపిరి తీసుకోవాలి కదా, దాంతో భుజాలు వాటంతటవే దిగుతాయి. పైగా, ‘ఏమవుతుందో ఏమో’ అనే ఆలోచనకు మనసులో చోటుండదు.

తమ్ముడు: బ్రహ్మాండమైన పద్ధతి. దీంతో చూపు కూడా దూరం పోతుంది. కొత్తవాళ్ళు ముందు చక్రం దగ్గరే చూస్తారు. గుంతను చూస్తూ పోతే గుంతలోకే పోతాం. తప్పించుకుని పోవాల్సిన దారిని చూడాలి.

అక్క: లారీల గురించి చెప్పు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వాటి దగ్గరే.

తమ్ముడు: ఆ భయం ఉండాలి కూడా. లారీ అద్దంలో డ్రైవర్ ముఖం నీకు కనిపించలేదంటే నువ్వు వాడికి కనిపించడం లేదు. ముఖ్యంగా ఎడమ పక్కన దూరి నిలబడకూడదు. ముందు బండికి నీకూ మధ్య కనీసం 3 సెకన్ల దూరం పెట్టుకో. అది ఒక స్తంభం దాటగానే లెక్క మొదలుపెట్టు, నువ్వు ఆ స్తంభం దగ్గరికి వచ్చేసరికి మూడు లెక్కపెట్టగలగాలి. 40 వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతాం. అంటే చూసి, ఉలిక్కిపడి, బ్రేకు మీద వేలు వేసేలోపే ఒక బస్సు పొడవు గడిచిపోతుంది.

అక్క: బ్రేకు అంటే గుర్తొచ్చింది, నేను పడింది.

తమ్ముడు: చెప్పు. దాచాల్సిన పని లేదు.

అక్క: బడి దగ్గర మట్టి దారి మలుపులో. మేకపిల్ల అడ్డం వచ్చింది. హ్యాండిల్ తిరిగి ఉంది, కింద ఇసుక, నేను ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టాను. ముందు చక్రం జారి ఎడమ పక్కకు పడ్డాను. అరచేయి గీరుకుపోయింది, క్లచ్ లివర్ వంగింది, అద్దం తిరిగిపోయింది. గడ్డిమోపు దించి ఒకామె పరుగున వచ్చింది. ముందు బండి ఆఫ్ చేయించింది, తర్వాత తన సీసాలో నీళ్ళతో నా చెయ్యి కడిగింది. ఇద్దరం కలిసి లేపాం.

తమ్ముడు: ముందు బ్రేకు చెడ్డదని దాన్ని పూర్తిగా మానేసే వాళ్ళు ఉన్నారు. అది ఇంకా పెద్ద తప్పు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, ఆపే బలం అక్కడే ఎక్కువ. బండి నిట్టనిలువుగా, నేరుగా ఉన్నప్పుడు రెండు బ్రేకులూ కలిపి, పిండినట్టు మెల్లగా పట్టాలి. ఇసుకలో, మలుపులో, ముందే వేగం తగ్గించుకుని రావాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు, గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది, చిన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ అయినా ఉండాలని అప్పుడు పెట్టారు. నాన్న బండి పాతది, రెండూ లేవు. అందుకని చేతికే ఆ చదువు రావాలి. బండి ఒక్కరే లేపాల్సి వస్తే ఇంజన్ ఆపి, గేర్‌లో ఉంచి, సీటుకు వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్ళ బలంతో వెనక్కి అడుగులేస్తూ లేపాలి. నడుముతో ఎత్తొద్దు.

అక్క: పడ్డ మర్నాడు బడికి ఆటోలో పోయాను. ఆ తర్వాతి రోజు నువ్వు వెనక వస్తానన్నావు. వారం రోజులు వచ్చావు. వెనక మనవాళ్ళు ఉంటే, వేరే బండి వచ్చి మీద పడుతుందన్న ఆలోచన పోయి ముందు దారి మీద మనసు నిలుస్తుంది. నేర్పే వాళ్ళు ఎవరైనా ఈ వారం రోజుల సాయం చెయ్యండి. గొప్ప మేలు.

తమ్ముడు: జాగ్రత్తల్లో ఇంకేమైనా?

అక్క: చున్నీ. వెనక ఎగురుతూ వదలొద్దు, చైన్‌లోనో చక్రంలోనో చిక్కితే ప్రాణం మీదికొస్తుంది. నేను రెండు పక్కలా పిన్ను పెట్టి కోటు లోపలికి దోపుకుంటాను. హెల్మెట్ ఐఎస్ఐ ముద్ర ఉన్నదే, బెల్టు బిగించి. ఎండాకాలం మన దగ్గర 40 దాటుతుంది కదా, కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటాను, నీళ్ళు తాగి బయల్దేరతాను. కళ్ళు తిరిగినట్టుంటే చెట్టు కింద ఆగుతాను. ఆగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తమ్ముడు: మరి ఊళ్ళో వాళ్ళ మాటలు?

అక్క: మొదట్లో బాధేసింది. “ఆడమనిషికి గేర్ల బండి ఎందుకు” అని మొహం మీదే అన్నారు. ఇప్పుడు నాలుగో తరగతి అమ్మాయి ఒకటి రోజూ నా బండి దగ్గరికి వచ్చి అద్దం తుడుస్తుంది. “మేడం, క్లచ్ ఏది?” అని అడిగింది మొన్న. చూపించాను.

తమ్ముడు: ఇంకా దాటనిది ఏముంది?

అక్క: గువ్వలచెరువు ఘాట్. బడి దాటాక ఇంకొంచెం పోతే అదే కదా. ఒక ఆదివారం మొదలు దాకా పోయాను. లారీలు వరసగా ఎక్కుతున్నాయి, పై నుంచి దిగేవి మలుపులో సగం రోడ్డు తినేస్తున్నాయి. ఇప్పుడప్పుడే కాదనిపించింది, తిప్పుకుని వచ్చేశాను.

తమ్ముడు: మంచి పని చేశావు. అక్కడ దిగేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు కొందరు. బండి బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు తగ్గుతాయి. సెకండ్ గేర్‌లో ఇంజన్ పట్టి ఉంచుతుంటే దిగాలి. ఈ ఆదివారం పోదామా?

అక్క: పోదాం. ముందు నీ వెనక కూర్చుని వస్తాను. ప్రతి మలుపు దగ్గర ఏ గేర్‌లో ఉన్నావో, ఎక్కడ చూస్తున్నావో పైకి చెప్తూ తోలు.

తమ్ముడు: పొద్దున 5:30కు. లారీల రద్దీ పెరగకముందే ఎక్కేద్దాం. గువ్వలచెరువులో నాన్నకు పాలకోవా తీసుకుని దిగేటప్పుడు, అక్కా, నీకు సరేననిపిస్తే హ్యాండిల్ నీ చేతికిస్తాను.

అక్క: దిగడం ఈసారికి వద్దు. ఎక్కడం ముందు నేర్చుకోనీ.