ఈ ఏడాది చదివిన నవలల్లో ముగ్గురు ఇందిరలు

శ్రోతలందరికీ నమస్కారమండి. ఈ ఏడాది నేను చదివిన నవలల గురించి మాట్లాడమన్నారు, సంతోషంగా ఒప్పుకున్నాను, ఎందుకంటే ఇంట్లో అమ్మతో తప్ప వీటి గురించి ఎవరితోనూ చెప్పుకోలేదు ఇప్పటిదాకా.

మాది గుంటూరు, ఉద్యోగం బెజవాడలో. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ దాటి బ్రిడ్జి మీదకి వచ్చేసరికి గంటకి అటూ ఇటూ అవుతుంది, సాయంత్రం మళ్ళీ అంతే. సీటు దొరికిన రోజు ఇరవై పేజీలు, నిలబడ్డ రోజు ఐదారు. అలా ఈ ఏడాది మొత్తం పద్నాలుగు నవలలు అయ్యాయి. అన్నీ పాతవే, చాలావరకు ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల దగ్గర కొన్నవి, కొన్ని ఆదివారాలు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయంలో కూర్చుని చదివినవి.

అమ్మకి డెబ్బై ఐదు దాటాయి, చూపు తగ్గింది, అక్షరాలు ఆనట్లేదు. అందుకని పొద్దున రైల్లో నేను చదివింది రాత్రి అన్నాలయ్యాక అమ్మకి పైకి చదివి వినిపించేదాన్ని. మొత్తం కాదు, నాకు నచ్చిన చోట్లు. కానీ రెండు నెలలయ్యాక అమ్మ అడిగి మరీ చదివించుకోవడం మొదలుపెట్టింది, ఏమే ఇవాళ ఎంతదాకా వచ్చావు అని గుమ్మంలోనే అడిగేది.

ఏడాది మొదట్లో వేయిపడగలు పట్టుకున్నాను. విశ్వనాథ వారు బెజవాడ మారుతీనగర్‌లో ఉన్న మనిషి కదా, ఆ ఊళ్ళో ఉద్యోగం చేస్తూ ఆయన పెద్ద నవల చదవకపోతే ఎట్లా అనిపించింది. ఆయన చెప్తుంటే తమ్ముడుగారు రాశారనీ ఇరవై తొమ్మిది రోజుల్లో అయిపోయిందనీ అంటారు, నాకు చదవడానికే మూడు నెలలు పట్టింది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో బాపిరాజు గారి నారాయణరావు నవలతో కలిపి దీనికి బహుమతి ఇచ్చారు. కథానాయకుడు ధర్మారావు చెప్పే చాలా మాటలతో నేను ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించను, కానీ పసిరిక దగ్గర మాత్రం పుస్తకం మూసి కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. గిరిక దగ్గర కూడా అంతే. పెద్ద పెద్ద వాదనలన్నీ మర్చిపోయాను గానీ ఆ ఇద్దరు పిల్లలు మాత్రం వదల్లేదు. అప్పుడే అనిపించింది, నవల ఎవరి పేరు మీద నడుస్తుందో ఆ మనిషి కంటే పక్కన నిలబడ్డవాళ్ళే నాకు ఎక్కువ గుర్తుంటున్నారని.

ఆ తర్వాత మాలపల్లి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మన గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టారు, జైల్లో ఉన్నప్పుడు రాశారు దీన్ని, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది కూడా. అందులో మాట మా అమ్మమ్మ మాట. అమ్మకి చదువుతుంటే మధ్యలో ఆపి, ఆ మాట మేమూ అనేవాళ్ళం అని నవ్వేది. సంగదాసు చనిపోయిన చోట మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి ఇంక చదవొద్దంది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ముందుగా అనుకుని చేసింది కాదండి, వరసగా మూడు నవలలు చదివితే మూడింట్లోనూ ఇందిర అనే అమ్మాయి ఉంది. రెండో దాంట్లో ఆ పేరు రాగానే ఆగాను, మూడో దాంట్లో కూడా వచ్చేసరికి ఒళ్ళు జల్లుమంది.

మొదటిది గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్ర. సీతారామారావు గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడాల్సిందే, తండ్రి చెప్పిన వంశప్రతిష్ఠ కోసం, పదిమందిలో మంచివాడనిపించుకోవడం కోసం ఉన్న ఆస్తంతా పోగొట్టుకుని చివరికి లోకం మీదా తన మీదా కసి పెంచుకున్న మనిషి. ఆ మనసు లోపల ఏం జరుగుతుందో గోపీచంద్ గారు రాసిన తీరు చదువుతుంటే భయం వేస్తుంది, శ్మశానంలో ఆ చివరి రాత్రి నేను మంగళగిరి స్టేషన్ వచ్చింది కూడా చూసుకోలేదు. కానీ ఆయన భార్య ఇందిర. ప్రేమించి చేసుకున్న భార్య. ఇంట్లో గింజలు నిండుకుంటుంటే సంసారం ఈడ్చింది ఆవిడ, ఆయన కోపం భరించింది ఆవిడ. ఆయనకి ఆలోచనలున్నాయి, ఆవిడకి పనులున్నాయి. అమ్మకి ఆ భాగాలు చదివితే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత, ఆ పిల్ల ఆ పూట తిన్నదో లేదో ఎవరూ అడగలేదేమే అంది. నేను వెనక్కి తిప్పి చూశాను, నిజంగానే నాకు ఎక్కడా కనపడలేదు.

రెండోది బుచ్చిబాబు గారి చివరకు మిగిలేది. ఆయన ఆకాశవాణిలో చాలా ఏళ్ళు పనిచేశారు, ఇవాళ రేడియోలోనే ఆయన గురించి చెప్పడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. నా దగ్గరున్నది పాత కాపీ, ముందెవరో పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివారు. కథానాయకుడు దయానిధి మనసు పడ్డ కోమలి వచ్చిన ప్రతిచోటా గీత, అమృతం దగ్గర గీతలే గీతలు, దయానిధి తల్లి గురించి వచ్చినప్పుడు పక్కన ప్రశ్నార్థకాలు. ఆయన పెళ్ళి చేసుకున్న ఇందిర ఉన్న పేజీల్లో ఒక్క గీత లేదు. తెల్లగా ఉన్నాయి. జబ్బుతో చనిపోతుందండి ఆ అమ్మాయి. ఆ నవలలో వాక్యాలంత అందమైన వాక్యాలు తెలుగులో తక్కువ, ఒక్కో పేరా రెండుసార్లు చదువుకున్నాను, దయానిధి మీద నాకు కోపం కూడా లేదు, ప్రేమ కోసం అంత వెతుక్కున్న మనిషి మీద కోపం ఎలా వస్తుంది. కానీ ఆయన వెతికిన చోట్లలో ఆ ఇల్లు ఎందుకు లేదో అని బాధ వేసింది. నేను ఆ పేజీల్లో పెన్సిల్‌తో రెండు గీతలు గీశాను. నా తర్వాత ఆ పుస్తకం ఎవరి చేతికెళ్తే వాళ్ళు అక్కడ ఆగాలని.

మూడోది డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు. తెలుగు స్వతంత్రలో సీరియల్‌గా వచ్చి 1958లో పుస్తకమైంది, ఆవిడ 1961లోనే పోయారు, ముప్పై రెండేళ్ళు నిండకుండానే. ఇంకో పదేళ్ళు ఉండి ఉంటే ఏమేం రాసేవారో అని తలుచుకుంటేనే దిగులు. ఇందులో ఇందిర ఎవరి పక్కనా నిలబడదు. తండ్రి ఆనందరావు బాధ్యత లేని మనిషి, ఉద్యోగం చేసి ఇల్లు నడిపేది ఇందిర. పై గదిలో అద్దెకున్న ప్రకాశం మెడిసిన్ చదువుతాడు, మంచివాడే, కానీ మేనమామ వస్తే నోరు పెగలదు. నేను ఇరవై ఏళ్ళప్పుడు ఈ నవల చదివాను, అప్పుడు ఇందులోని ఇంకో అమ్మాయి కల్యాణి మీద జాలి, ఇందిర మీద కోపం, ఎంత స్వార్థమో అనుకున్నాను. ఇప్పుడు పదహారేళ్ళుగా జీతం తెచ్చి ఇంట్లో ఇస్తున్నదాన్ని కదా, చదువుతుంటే ఆ అమ్మాయి ఎంత అలిసిపోయిందో కనపడింది. తనకి బతుకు కావాలని పైకి అడిగింది, అంతే. అలా అడిగినందుకే అందరూ, ఆ రోజు నాతో సహా, ఆవిణ్ణి చెడ్డది అనేశాం.

అమ్మ చిన్నప్పుడు దీన్నుంచి తీసిన చదువుకున్న అమ్మాయిలు సినిమా చూసింది, 1963లో వచ్చింది కదా, కథ నాకు తెలుసులే అంది. నాలుగు రాత్రులు గడిచాక, ఇది నాకు తెలిసిన కథ కాదు అంది.

మిగతా నవలల్లో కొన్ని బాగున్నాయి, రెండు సగంలో ఆపేశాను. కళ్యాణరావు గారి అంటరాని వసంతం గురించి విడిగా మాట్లాడాలి, రూతు జ్ఞాపకాల్లోంచి తరాల కథ నడుస్తుంది అందులో, దాని గురించి రెండు ముక్కల్లో చెప్పడం నాకు ఇష్టం లేదు.

మొన్న డిసెంబరు చలిలో కాలాతీత వ్యక్తులు చివరికొచ్చాం. ఇందిర ప్రకాశం స్నేహితుడు కృష్ణమూర్తిని, అతని లోపాలన్నీ తెలిసే, పెళ్ళి చేసుకోవడానికి సిద్ధపడ్డ చోట చదివి ఆపాను. అమ్మ దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని ఉంది, నిద్రపోయిందేమో అనుకున్నాను. ఎవరూ పెట్టలేదు, తనే ఎత్తుకుంది అంది మెల్లగా. ఏంటమ్మా అంటే జవాబు చెప్పలేదు. కాసేపయ్యాక, ఆ పేజీ మళ్ళీ చదువు, కాస్త నిదానంగా అంది.

మళ్ళీ మొదట్నించి చదివాను. నమస్కారం, సెలవు.