ఆరు వేల లోపల మన అవెంజర్‌ని మనమే మార్చుకుందాం: మిద్దె మీద చేసిన పని మొత్తం

[దృశ్యం: తెల్లవారుజాము. తిరుపతిలో ఒక మిద్దె. వెనక శేషాచలం కొండ. చాప మీద విప్పి పెట్టిన సైడు ప్యానెళ్ళు, మడ్‌గార్డు, సీటు.]

అందరికీ నమస్కారం. కింద నిలబెట్టింది 2012 మోడల్ బజాజ్ అవెంజర్ 220 బండి. సెకండ్ హ్యాండులో కొన్నాను. ఇంజను బాగుంది, కానీ చూడటానికి ఎండలో మాడిపోయిన బండి మాదిరి ఉండేది. కాళహస్తి దాకా పోయొస్తే నడుము పట్టేసేది. దీన్ని దూరం పోయినా సుఖంగా ఉండే క్రూయిజరు మాదిరి మళ్ళీ ఎట్లా తయారు చేసుకున్నానో ఈ వీడియోలో చూపిస్తాను. పని మొత్తం ఇంట్లోనే, సీటు కుట్టడం ఒక్కటే బయట.

ముందు ఒక మాట. మన దగ్గర డబ్బు తక్కువ ఉన్నప్పుడు మొదట కంటికి కనిపించే దాని మీదికే మనసు పోతుంది. సైలెన్సరు, లావు టైరు, లైట్లు. నేను తిరగేసి చెబుతాను. మొదటి రూపాయి మీరు కూర్చునే చోట పెట్టండి, రెండోది చేతులు పెట్టే చోట. రంగు ఆ తర్వాత. క్రూయిజరు అంటే మూడు గంటలు నడిపినా ఒళ్ళు నొప్పి లేకుండా దిగగలగడం.

[దృశ్యం: సీటు దగ్గరగా. రెక్జిన్ చిరిగిన చోట వేలితో చూపిస్తూ.]

సీటు. పన్నెండేళ్ళకి పాత స్పాంజి అణిగిపోయింది. కూర్చుంటే కింద గట్టి బేసు తగులుతుంది. సీటు కుట్టే అంగడికి పోయినప్పుడు "కవరు మార్చండి" అని మాత్రం చెప్పొద్దు. కవరు కొత్తదై లోపల అదే స్పాంజి ఉంటే డబ్బు వృథా. తుంటి ఎముకలు ఆనే చోట గట్టి స్పాంజి, దాని పైన ఒక పొర మెత్తనిది అడగండి. కుట్టక ముందే స్పాంజి మీద ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. కుట్టేశాక మళ్ళీ విప్పమంటే ఎవరికైనా కష్టమే. నాకు 1,800 అయింది. అన్నిటికన్నా ఎక్కువ సుఖం ఇచ్చిన ఖర్చు ఇదే.

[దృశ్యం: పాత హ్యాండిల్, కొత్త హ్యాండిల్ పక్కపక్కన.]

హ్యాండిల్. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే నేను తప్పు చేసింది ఇక్కడే. మొదట బాగా ఎత్తుగా ఉన్నది తెచ్చి బిగించాను. ఇంటి ముందర స్టార్ట్ చేసి హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పితే, నా చెయ్యి కదలకుండానే ఇంజను రేసు పెరిగింది. యాక్సిలరేటరు కేబులు పొడుగు చాలక బిగుసుకుంది. ఇదే తిరుమల ఘాటు మలుపులో జరిగితే? మలుపు మధ్యలో బండి దానంతట అదే ముందుకు దూకుతుంది. ఆ రోజే విప్పేశాను.

కాబట్టి ఎత్తు కొద్దిగా పెంచండి చాలు. బిగించాక స్టాండు వేసి, ఇంజను ఆన్ చేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తిప్పండి. మూడు చూడాలి. రేసు పెరగకూడదు. క్లచ్ కేబులు లాగకూడదు. ముందు బ్రేకు గొట్టం తీగలాగా సాగి ఉండకూడదు. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ హ్యాండిల్ మీ బండికి కాదు. ఇంకొకటి, పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకీ హ్యాండిలుకీ మధ్య మీ బొటనవేలు నలగకూడదు.

[దృశ్యం: ప్యానెలు మీద నీటి కాగితంతో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో రుద్దడం. చప్పుడు మాత్రమే, పది సెకన్లు.]

ఇప్పుడు రంగు. నాకు చాలా ఇష్టమైన పని, అందుకే కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

రంగు బాగా రావడం, రాకపోవడం డబ్బాలో లేదు, ఈ రుద్దడంలో ఉంది. ముందు సబ్బునీళ్ళతో కడిగి జిడ్డు పోగొట్టండి. తర్వాత 320 నంబరు నీటి కాగితం, ఆ పైన 600. నీళ్ళు పోసుకుంటా రుద్దండి. ఎక్కడా మెరుపు మిగలకూడదు, చెయ్యి పెడితే పలక మాదిరి ఉండాలి. గీతలుంటే పుట్టీ పెట్టి మళ్ళీ రుద్దాలి. సైడు ప్యానెళ్ళు ప్లాస్టిక్. వాటికి ముందు ప్లాస్టిక్ ప్రైమరు, అంటే రంగు పట్టుకోవడానికి అడుగున వేసేది, ఒక పూత పడాలి, లేకుంటే ఆరు నెలల్లో పొట్టులాగా లేస్తుంది. మడ్‌గార్డు రేకా ప్లాస్టిక్కా అని అనుమానం ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి. రేకు అయితే తుప్పు పూర్తిగా పోయేదాకా గీకి, మామూలు ప్రైమరు కొట్టండి.

మన ఊర్లో ఎప్పుడు కొట్టాలనేది పెద్ద విషయం. మే నెల మధ్యాహ్నం కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి ప్యానెలు మీద ఉప్పురవ్వ మాదిరి పడుతుంది. నవంబరు వానల్లో కొడితే గాల్లో తేమకి పైన తెల్లగా పొగమంచు మాదిరి పట్టేస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా, పొద్దున ఎనిమిది, పది మధ్య బాగుంటుంది. కొట్టే ముందు, వాకిట్లో కల్లాపి చల్లినట్టు మిద్దె నేల మీద నీళ్ళు చల్లండి. దుమ్ము లేవదు.

[దృశ్యం: స్ప్రే డబ్బా ఊపడం, తర్వాత ప్యానెలు బయట నుంచి మొదలుపెట్టి అవతలికి దాటించి వదలడం.]

డబ్బా రెండు నిమిషాలు ఊపండి. జానెడు దూరం. నొక్కడం ప్యానెలు బయట మొదలుపెట్టి, అవతల బయటికి పోయాకే వదలండి. మొదటి పూతకి కింద ప్రైమరు కనిపిస్తా ఉండాలి. కంగారుపడి రెండోసారి అక్కడే కొడితే కారిపోతుంది. పూతకీ పూతకీ మధ్య పదిహేను నిమిషాలు. నాలుగు పలచటి పూతలు, ఆ పైన క్లియరు, అంటే రంగు లేని మెరుపు పూత, రెండు. ముక్కుకి మంచి మాస్కు పెట్టుకోండి, గుడ్డ చాలదు.

ట్యాంకుకి ఎందుకు కొట్టలేదని అడుగుతారు. మామూలు డబ్బా క్లియరు ఎంత ఆరినా పెట్రోలు చుక్క పడితే మెత్తబడి ఊడొస్తుంది. బంకులో ఒక్కసారి పొంగితే చాలు, మూత చుట్టూ పాడైపోతుంది. పెట్రోలుకి తట్టుకునేది గట్టిపరిచే మందు కలిపే టూకే క్లియరు. అందులోని ఐసోసయనేట్లనే రసాయనాలు ఊపిరితిత్తులకి ప్రమాదం, ఇంటి మిద్దె మీద కొట్టేది కాదు. పాత ట్యాంకు రంగు అట్లాగే ఉంచి, రబ్బింగ్ కాంపౌండుతో గంటసేపు రుద్దాను. నల్లరాయి మాదిరి తేలింది. పైగా ఆర్సీలో రాసిన రంగు అదే ఉండిపోయింది. రంగు మార్చాలంటే ఆర్టీవో ఆఫీసులో రాయించుకోవాలి.

[దృశ్యం: ఆర్సీ కార్డు, పేరు, నంబరు కనిపించకుండా.]

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండి మూల స్వరూపం మారేటట్టు చేయకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షను నాలుగో క్లాజులో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. అందుకే చాసిస్, అంటే బండి చట్రం, కోయడం, వెనక మడ్‌గార్డు కత్తిరించడం వద్దు. మడ్‌గార్డు కోస్తే నంబరు ప్లేటుకి చోటు పోతుంది, వానలో వీపంతా బురద. చప్పుడు సైలెన్సరు అసలే వద్దు. దానికి 190వ సెక్షనులో 10,000 దాకా ఉంది. ఆసుపత్రి పక్క సందులో పడుకున్న మనిషిని తలుచుకుంటే ఆ సెక్షను కూడా అక్కరలేదు.

లావు టైరు కూడా అంతే. వెనక 130/90-15 కంపెనీ సైజు. అదే వేసుకోండి.

[దృశ్యం: బ్యాటరీ. ముందు మైనస్ తీగ విప్పడం.]

ఫోను చార్జరు సాకెట్టు పెట్టాను. లైటు తీగలోంచి గీకి తీసుకోవద్దు. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా తీగ, బ్యాటరీ పక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు, తర్వాత రిలే అనే చిన్న కరెంటు స్విచ్చు 30వ పిన్నుకి. 87 నుంచి సాకెట్టుకి. 85కీ, సాకెట్టు రెండో వైపుకీ బ్యాటరీ మైనస్ తీగ, 86కి బండి తాళం ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే తీగ. తాళం ఆఫ్ చేస్తే సాకెట్టు ఆగిపోతుంది, బ్యాటరీ దిగదు. హ్యాండిల్ తిరిగే చోట తీగకి కొంచెం వదులు ఇవ్వండి.

లెక్క చెబుతాను. సీటు 1,800. హ్యాండిల్ 1,100. కాగితాలు, ప్రైమర్లు, రంగు, క్లియరు, కాంపౌండు, మాస్కు కలిపి 2,150. రిలే, ఫ్యూజు, తీగ, సాకెట్టు 600. మొత్తం 5,650.

[దృశ్యం: చంద్రగిరి రోడ్డు, పొద్దున ఎండ. బండి పక్కనుంచి.]

రంగు కొట్టాక వారం దాకా నీళ్ళు పోసి కడగొద్దు. మొదటిసారి దూరం పోవద్దు, ఘాటు ఎక్కొద్దు. చంద్రగిరి దాకా పోండి. కోట దగ్గర ఆపి, స్పానరు తీసి, హ్యాండిల్ బోల్టులు నాలుగూ మళ్ళీ పట్టి చూడండి. ఆ రోజు నా బండికి ఒకటి పావు చుట్టు తిరిగింది.