రోమనోస్ తిరిగి గద్దెనెక్కి ఉంటే

మిత్రులారా, ఇప్పటి తూర్పు టర్కీలో జరిగిన మాంజికెర్ట్ యుద్ధం గురించి ఊహలు చేసేవారు సాధారణంగా 1071 ఆగస్టు 26 సాయంత్రం దగ్గరే ఆగిపోతారు. బైజాంటిన్ చక్రవర్తి నాలుగో రోమనోస్ ఆ రోజు సెల్జుక్ తురుష్కుల సుల్తాన్ ఆల్ప్ అర్స్‌లాన్‌ను ఓడించి ఉంటే ఏమయ్యేదని అడుగుతారు. నేను మాత్రం ఆయన ఓడిపోయాడనే అనుకుని మొదలుపెడతాను. ఓటమి తర్వాత కూడా సామ్రాజ్యానికి ఒక దారి మిగిలింది. దాన్ని మూసేసింది తురుష్కులు కాదు, రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో ఆయనకు పోటీగా నిలిచిన డూకాస్ రాజకుటుంబం.

ఆ సాయంత్రం ఏం జరిగిందో చూడండి. పొద్దు వాలుతోందని, శిబిరానికి మరలడానికి చక్రవర్తి తన జెండాను వెనక్కి తిప్పించాడు. దూరాన ఉన్న దళాలు ఆయన పడిపోయాడనుకున్నాయి. వెనుక దళం నడిపిన ఆండ్రోనికోస్ డూకాస్ ఆ పుకారును ఆపకపోగా తానే పుట్టించి, తనవాళ్లతో వెళ్లిపోయాడని ఆ దండయాత్రలో ఉన్న చరిత్రకారుడు అట్టాలియాటిస్ వినికిడిగా రాశాడు. అయినా సైన్యంలో పెద్ద భాగం అసలు పోరులోనే లేదు. దాన్ని అంతకుముందే వాన్ సరస్సు ఒడ్డున ఉన్న ఖ్లాత్ పట్టణం వైపు పంపేశారు.

బందీగా చిక్కిన రోమనోస్‌ను సుల్తాను గౌరవంగా చూసి, ఒప్పందం చేసుకుని, వారం రోజులకే వదిలేశాడు. సుల్తాను గురి ఈజిప్టు ఫాతిమిద్‌ల మీద ఉంది. అతనికి కావలసింది అనటోలియా (ఇప్పటి టర్కీ నేల) కాదు, వెనుక నుంచి ముప్పు లేకపోవడం.

తిరిగొచ్చేసరికి రాజధానిలో గద్దె మీద ఏడో మైఖేల్ డూకాస్ ఉన్నాడు. అంతర్యుద్ధంలో ఓడి, ప్రాణానికి హామీ తీసుకుని, సన్యాసి వేషంలో లొంగిపోయిన రోమనోస్‌కు 1072లో కళ్లు పొడిచారు. ఆ గాయాలు కుళ్లి చనిపోయాడు. చనిపోయేముందు, కళ్లు పోయినందుకు దివ్యకాంతికి అర్హుడివయ్యావంటూ మైఖేల్ గురువు, ఆస్థాన పండితుడు సెల్లోస్ అతనికి ఉత్తరం రాశాడు! చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

రోమనోస్‌నే అంగీకరించి ఉంటే? సరిహద్దు దాటే తుర్కుమాన్ (సంచార తురుష్క) గుంపులన్నీ ఆగేవని నేను చెప్పను. సుల్తాను మాటే అవి అంతంతమాత్రంగా వినేవి. కానీ గద్దె కోసం తగవులాడిన వాళ్లే తురుష్కులను కూలి సైనికులుగా పిలిచి, పశ్చిమ నగరాల్లో కాపలా పెట్టే పరిస్థితి వచ్చేది కాదు. రాజధానికి దగ్గరలోని నికయా నగరం అలాగే చేజారింది. దాన్ని మళ్లీ చేజిక్కించుకోవడానికి 1097లో మొదటి క్రూసేడు సైన్యం కావలసి వచ్చింది. ఆ సాయం కోసం తర్వాతి కాలపు చక్రవర్తి అలెక్సియోస్ పోపును అడగవలసిన అవసరమే బహుశా ఉండేది కాదు.