మిద్దె తోటకు నెల ముందు పని

అందరికీ నమస్కారం.

ఎండలు తగ్గాక మొక్కల సంగతి చూద్దామని ఇక్కడ చాలామంది అనుకుంటున్నట్టు ఇందాక మాటల్లో తెలిసింది. మే నెలలో మిద్దె మీద కాలు పెట్టడమే కష్టం, ఇక మొక్కలేం బతుకుతాయి అన్నారొకరు. నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. మిద్దె తోటలో ఏ పనైనా దాని కాలానికి కనీసం నెల ముందు మొదలవ్వాలి. వానాకాలం తీగలకు కావలసిన మట్టి మేలోనే తయారవ్వాలి. చలికాలం కూరగాయల నారు వానలు పడుతుండగానే పోసుకోవాలి. దసరాకి బంతిపూలు కావాలంటే జూలై మధ్యకల్లా విత్తనం పడాలి. పండగ వారం ముందు నర్సరీకి పోతే పూసిన కుండీ దొరుకుతుంది, అది పండగ అయిపోగానే వాడిపోతుంది.

పెద్దవాళ్లు కార్తెలు లెక్కపెట్టుకున్నది ఇందుకే. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండనే మనం పనికి వాడుకోవాలి.

ఎలాగంటే, పాత కుండీలన్నీ బోర్లించండి. వేర్లు ఏరేటప్పుడు వాటిని కాస్త పట్టి చూడండి. చిక్కుడు జాతివి కాని మొక్కల వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే ఆ మట్టిలో నులిపురుగులు, అంటే వేర్లను పట్టే కంటికి కనపడని సన్నటి పురుగులు, ఉన్నట్టే. అందులో మళ్లీ వంగో టమాటానో పెడితే ఎంత ఎరువు వేసినా మొక్క గిడసబారుతుంది. అలాంటి మట్టిని బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ సంచుల్లో మూతి కట్టి, నడి ఎండలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల కవరు వద్దు. నల్లది ఎండను తనే పీల్చుకుంటుంది, పారదర్శకమైనది లోపలికి పోనిస్తుంది. తడి మట్టిలో వేడి బాగా లోపలిదాకా పోతుంది కాబట్టి తడపడం మరచిపోకండి. కలుపు గింజలు, శిలీంధ్రాలు, నులిపురుగులు చాలావరకు పోతాయి. వర్మీ కంపోస్టు, వేపపిండి కలపడం ఇదంతా అయ్యాకే. ముందే కలిపితే కంపోస్టులోని మంచి సూక్ష్మజీవులు కూడా ఉడికిపోతాయి.

ఉన్న మొక్కలకు యాభై శాతం నీడనిచ్చే షేడ్ నెట్, కుండీ మీద ఎండుటాకుల పొర, తెల్లవారుజామున నీళ్లు. ఇవి చాలు. మధ్యాహ్నం ఆకులు వేలాడాయని కంగారుపడి నీళ్లు పోసేవాళ్లున్నారు. మట్టిలోకి వేలు దించి చూడండి, లోపల తడిగా ఉంటే సాయంత్రానికి ఆకులు అవే లేస్తాయి. పైగా ఆ టైంలో పైపులో నిలిచిన నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. కుళాయి తిప్పి మొదటి నీళ్లు బకెట్లోకి వదిలేయాల్సిందే. టమాటా పూత రాలిపోతోందని టానిక్కులు కొనకండి. పగటి ఎండ 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత నిలవదు, ఏ సీసా కొన్నా అంతే. ఈ కాలంలో బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, బచ్చలి వేసుకోండి. అవి మన ఎండకు అలవాటు పడ్డవి.

వానలు రాకముందే తేల్చుకోవాల్సిన పెద్ద విషయం ఒకటుంది, బరువు. మొక్కలు పెంచేవాళ్లు స్లాబు లీకేజీ గురించి టెన్షన్ పడతారు గానీ బరువు గురించి ఆలోచించరు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు, భవన ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. వానకు తడిసిన మట్టి అడుగు లోతున పరిస్తే అదే చదరపు మీటరుకు 500 కిలోల దాకా వస్తుంది. ఎండాకాలంలో తేలిగ్గా జరిపిన కుండీ ఆగస్టులో కదలదు, గమనించే ఉంటారు. అందుకని మిద్దె నడుమ మట్టి మడులు కట్టొద్దు. పెద్ద కుండీలు గోడల వెంట, కింద దూలాలున్న చోట పెట్టుకోండి. మట్టి మూడో వంతు మించకుండా మిగతాది కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కంపోస్టు కలపండి. కుండీ కింద స్టాండ్ ఉంటే నీళ్లు పోతాయి, చీపురు కూడా దూరుతుంది. ఇల్లు పాతదైతే ముందు ఇంజనీరును పిలిచి చూపించండి, ఆ తర్వాతే కుండీలు కొనండి.

మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడితే తీగల కాలం. సొర, బీర, కాకర, పొట్ల, దోస. వీటి విషయంలో నాకు ఎక్కువగా వినపడే ఫిర్యాదు, పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయని. అది తెగులు కాదండీ, చాలాసార్లు పెళ్లి జరగకపోవడం, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందకపోవడం. తీగకు ముందు మగపువ్వులే వస్తాయి, వాటికి కాడ మాత్రమే ఉంటుంది. ఆడపువ్వు కింద వేలెడంత పిందె ముందే ఉంటుంది. నాలుగైదు అంతస్తుల పైకి తేనెటీగలు, చిమ్మటలు సరిగ్గా రాకపోతే ఆ పని మనం చేయాలి. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి మడిచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడిబొడ్డున మెల్లగా రాయాలి. వేళ ముఖ్యం. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, కాబట్టి దీపాలు పెట్టే వేళకు మిద్దె ఎక్కాలి. కాకర, దోస, గుమ్మడి పొద్దున విచ్చుకుంటాయి. పొద్దున్నే సొర దగ్గరికి పోయి వాడిన పువ్వు రాస్తే ఏం లాభం? అలాగే సొర తీగ పందిరి ఎక్కగానే తల తుంచేయండి. ఆడపువ్వులు పక్క కొమ్మల మీదే ఎక్కువ వస్తాయి.

చిక్కుడుది ఇంకో కథ. పందిరి చిక్కుడులో పాత నాటు రకాలు పగలు పొట్టిగా మారితే గానీ పూయవు. జూన్‌లో వేసినవాళ్లు అక్టోబర్ దాకా ఆకులు చూసుకుంటూ కూర్చుంటారు, ఆగస్టులో వేసినవాళ్లకు కూడా దాదాపు అప్పుడే పూత వస్తుంది. కుండీలో చోటు తక్కువ కాబట్టి ఆగస్టే మేలు. చామంతి కూడా అంతే, రాత్రులు పెరిగితేనే మొగ్గ తొడుగుతుంది. జూలైలో పిలకలు నాటి, ఆగస్టు మధ్య వరకు చివుళ్లు తుంచుతూ గుబురు చేసుకోవాలి. చామంతి పూయడం లేదని ఎవరైనా అంటే నేను ఎరువు సంగతి అడగను, రాత్రి దాని మీద ఏ లైటు పడుతుందో అడుగుతాను. వీధి దీపం ఎదురుగానో, తెల్లార్లూ వెలిగే మెట్ల బల్బు పక్కనో కుండీ ఉంటే మొక్కకు రాత్రి అయినట్టే తెలియదు. చీకటి మూలకు జరపండి.

వానాకాలంలో మిగతాదంతా కాపలా పని. కుండీ అడుగు రంధ్రాలు వేర్లతో పూడుకున్నాయేమో పుల్లతో పొడిచి చూడాలి. వానకు పోషకాలు కొట్టుకుపోతాయి కాబట్టి ఎరువు కొంచెం కొంచెంగా, తరచుగా వేయాలి. వంగ మొక్కలో ఒక కొమ్మ చివర మాత్రమే వాడిందంటే లోపల పురుగు తొలుస్తోంది, ఆ చివర కత్తిరించి పారేయాలి. నత్తలను రాత్రిపూట టార్చి పట్టుకుని ఏరాలి. ఉప్పు చల్లితే నత్త చస్తుంది, కుండీలో మట్టి కూడా చెడుతుంది. వేపనూనె లీటరుకు అయిదు మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. వాన వచ్చేలా ఉంటే ఆ రోజు మానేయండి, డబ్బు దండగ. వినాయక చవితికి రంగులు వేయని మట్టి విగ్రహం తెచ్చి ఇంట్లోనే బకెట్లో నిమజ్జనం చేస్తే ఆ బంకమట్టిని రెండు మూడు కుండీల్లో కొద్దికొద్దిగా కలిపేయొచ్చు.

భాద్రపదం నుంచి చలికాలం నారు. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ ట్రేలలో పోసి వాన తగలని చోట, వెలుగున్న చోట పెట్టండి. నారు 25, 30 రోజులకు నాటడానికి వస్తుంది. తడి ఎక్కువైతే నారుకుళ్లు వచ్చి మొలకలన్నీ మొదట్లో సన్నబడి ఒక్కరోజులో పడిపోతాయి. టమాటాలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ ఆకుముడతను, వడలు తెగులును బాగా తట్టుకుంటుంది. అది హైబ్రిడ్, గింజ దాచుకుంటే తల్లిలా రాదు. క్యారెట్, ముల్లంగి మాత్రం నారు పోయకండి, నేరుగా కుండీలోనే విత్తాలి.

నేను చెప్పేదంతా హైదరాబాద్ లెక్క. నెల్లూరు, తిరుపతి వైపు మీ వాళ్లుంటే వాళ్లకు అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. వాళ్లు నారు ఇంకాస్త ఆలస్యంగా పోసుకోవాలి. విశాఖ, శ్రీకాకుళం వైపు అక్టోబర్, నవంబర్ అంటే తుఫాన్ల భయం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊపేసిందో తెలుసు. హెచ్చరిక రాగానే షేడ్ నెట్ విప్పేయాలి. నెట్ గాలికి ఎత్తుకుంటే దాంతోపాటు పైపుల పందిరి కూడా లేచిపోతుంది. పిట్టగోడ మీది కుండీలు కింద రోడ్డున పోయేవాళ్ల కోసమైనా దించాలి.

వానలు వెనకబట్టాక, కార్తికం నాటికి, తోట చూడముచ్చటగా ఉంటుంది. ధనియాలు రెండు బద్దలయ్యేలా సీసాతో నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లండి, లేకపోతే సగమే మొలుస్తాయి. మెంతి, పాలకూర పదిహేను రోజుల తేడాతో విడతలుగా వేయండి. చిక్కుడు చివుళ్ల మీద చీమలు బారులు కట్టాయంటే పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) వచ్చిందని అర్థం. పైపు నీళ్లతో గట్టిగా కొడితే సగం పోతుంది. గులాబీలు అక్టోబర్ మధ్యలో కత్తిరించండి, బయటివైపు చూసే కన్ను (చిగురు వచ్చే చోటు) పైన ఏటవాలుగా. నెలన్నరకు మంచి పూలు వస్తాయి. చలిలో నీళ్లు తగ్గించాలి, ఎండ వచ్చాకే పోయాలి.

మల్లెకు మాత్రం నవంబర్ చివరి నుంచి నీళ్లు బాగా తగ్గించి ఆకు రాల్చనివ్వండి. తర్వాత కొమ్మలు సగానికి కత్తిరించి ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే మార్చికి మొగ్గలు కనిపిస్తాయి. పచ్చగా ఉన్న చెట్టును కత్తిరించడానికి చాలామందికి చేతులు రావు, అలా వదిలేస్తే వేసవిలో ఆకులే కోసుకోవాలి.

ఇక మీరడగండి. పురుగుల ఫోటోలు ఫోన్లో ఉన్నవాళ్లు ముందుకు రండి, అవి ముందు చూద్దాం.