ఆడా మగా, చిన్నా పెద్దా కలిసి పనిచేస్తే కంపెనీకి లాభమేనా?

[దృశ్యం: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటు. ఉదయం షిఫ్టు వ్యాన్లు గేటు దగ్గర ఆగుతున్నాయి.]

నమస్కారమండి. వ్యాన్లు దిగుతున్నవాళ్లను చూడండి. ఎక్కువమంది ఆడవాళ్లే. పాతికేళ్ల పిల్లలున్నారు, యాభై దాటిన అమ్మలున్నారు. జీతాల పట్టీ తీస్తే మగవాళ్లూ కనిపిస్తారు. అన్ని వయసులవాళ్లూ, ఆడా మగా ఉన్నారు కదా, కంపెనీకి అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

[దృశ్యం: లోపల చల్లటి హాలు, స్టీలు టేబుళ్లు, ఐసు నీళ్లు. చేతులు దగ్గరగా.]

తల తీసేది, పొట్టు ఒలిచేది, వీపు మీది నల్ల నరం లాగేది ఆడవాళ్లు. టేబుళ్ల మధ్య తిరిగే సూపర్‌వైజరు చాలాచోట్ల మగమనిషి. సరుకు కొనేదీ, మెషీన్లు చూసేదీ, రేటు మాట్లాడేదీ మగవాళ్లే. అందరూ ఒకే గేటులోంచి వస్తున్నారు గానీ, ఒకరితో ఒకరు కలవడం లేదు. ఆడా మగా తేడా, వయసు తేడా, హోదా తేడా మూడూ ఒకే గీత మీద పడితే జట్టు రెండు ముక్కలవుతుందని లా, మర్నిగన్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లోనే రాశారు. దాన్ని ‘ఫాల్ట్‌లైన్’ అన్నారు.

దానివల్ల పోయేదేంటో ఈ టేబుల్ దగ్గరే చూద్దాం. చెరువు నుంచి వచ్చేదారిలో ఐసు చాలకపోతే రొయ్య మెత్తబడుతుంది, తల వదులవుతుంది. ఏళ్ల తరబడి ఒలిచిన చేతికి అది పట్టుకోగానే తెలిసిపోతుంది. ఆ మాట సరుకు కొనేవాళ్లదాకా వెళ్తే రేపటి లోడుకి ఐసు సరిగ్గా పడుతుంది. “నీ పని నువ్వు చూసుకోమ్మా” అన్నారనుకోండి, ఆవిడ ఇంకోసారి నోరు విప్పదు. గ్రేడు పడిపోయాక ఆఫీసులో కారణం వెతుకుతారు. నాకు బాధేసేది ఇక్కడే. ఆ తెలివికి కంపెనీ కూలి ఇస్తూనే ఉంది, వాడుకోవడం మాత్రం లేదు.

[దృశ్యం: తెర మీద అంకెలు.]

పెద్ద కంపెనీల సంగతికొస్తే, పై హోదాల్లో ఆడవాళ్లు ఎక్కువున్న కంపెనీలకు సగటును మించిన లాభం వచ్చే అవకాశం 25 శాతం ఎక్కువని మెకిన్సీ అనే వ్యాపార సలహాల సంస్థ 2020లో చెప్పింది. ఈ అంకె సభల్లో తెగ వినిపిస్తుంది. కానీ పై హోదాల్లో వేర్వేరు జాతులవాళ్లుంటే లాభమని మెకిన్సీ చెప్పిన ఇలాంటి లెక్కనే గ్రీన్, హ్యాండ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు అదే పద్ధతిలో అమెరికా పెద్ద కంపెనీల మీద పరీక్షించి, ఆ సంబంధం తేలలేదని 2024లో ప్రచురించారు. బాగా నడిచే కంపెనీలే ఆడవాళ్లను పైకి తెస్తున్నాయేమో, ఆ సందేహం ఉండనే ఉంది. కాబట్టి తలలు లెక్కపెట్టి లాభం చెప్పలేం.

మన 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీ, అంటే షేర్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలంది. మంచిదే. ఇంటి ఆడపడుచు పేరు రాసి సంతకాలకు మాత్రమే పిలిస్తే చట్టానికి సరిపోతుంది, వ్యాపారానికి ఒరిగేదేమీ లేదు.

[దృశ్యం: కార్ల ఫ్యాక్టరీ బొమ్మ.]

వయసు విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ జర్మనీలోని డింగోల్ఫింగ్ బీఎమ్‌డబ్ల్యూ ప్లాంటుది. రాబోయే రోజుల్లో తమ కార్మికుల వయసు పెరుగుతుందని 2007లోనే గుర్తించి, ఒక లైనులో సగటు వయసు 47 వచ్చేలా మనుషుల్ని పెట్టారు. ఏం మార్చాలో వాళ్లనే అడిగారు. చెక్క నేల కావాలన్నారు, కుర్చీలు కావాలన్నారు, భూతద్దాలు కావాలన్నారు. అలా 70 చిన్న మార్పులు చేశారు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. వాళ్లేమీ కుర్రాళ్లయిపోలేదు, అడిగినవాటిని కంపెనీ అమర్చిందంతే.

[దృశ్యం: మళ్లీ ప్లాంటు. తడి నేల మీద బూట్లు.]

షిఫ్టంతా తడి నేల మీద నిలబడే యాభై ఏళ్ల మనిషిని మోకాళ్ల సంగతి మన దగ్గర ఎవరడుగుతున్నారండి? 50 మంది, అంతకుమించి పనిచేసేచోట పిల్లల సంరక్షణ గది ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. అది లేకే చంటిపిల్లల తల్లులు చేయి తిరిగిన పని మానేస్తారు. మళ్లీ కొత్తవాళ్లకు మొదటినుంచీ నేర్పించాలి.

ప్లాంటు నడిపేవాళ్లు వింటుంటే ఒక్క పని చేయండి. షిఫ్టు మొదలయ్యే ముందు పది నిమిషాలు నిన్నటి సరుకు ఎలా ఉందో టేబుళ్ల దగ్గరివాళ్లను అడిగి, చెప్పింది చెప్పినట్టు ఒక పుస్తకంలో రాయించండి. కొనుగోలు మేనేజరు అక్కడే ఉండాలి. ఈసారి సూపర్‌వైజరు ఖాళీ వస్తే బయట ప్రకటన ఇచ్చేముందు ఆ పుస్తకం తిరగేయండి.