ఫుల్ ఫ్రేమ్‌కు మారాలా, లెన్స్ మారిస్తే సరిపోతుందా?

[తెరపై: రాత్రి ఊరేగింపు ఫోటో. కత్తులు పట్టి నడుస్తున్న వీరకుమారుల (ఊరేగింపుకు కాపలాగా నడిచే భక్తుల) ముఖాలు చెదిరిపోయి ఉంటాయి. వెనకనున్న దుకాణం బోర్డు మాత్రం స్పష్టంగా చదవడానికి వీలుగా ఉంటుంది.]

బెంగళూరు పాత పేటలో చైత్ర పౌర్ణమి రాత్రి జరిగే కరగ ఉత్సవంలో తీసిన ఫోటో ఇది. కెమెరాలో ఉన్నది 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్ (వెలుతురును పట్టే చిప్, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సైజు); లెన్స్ ఆ కెమెరాతోపాటు పెట్టెలో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్. ముఖాలు చెదిరాయి, నీడలన్నీ నాయిస్‌తో, అంటే ఇసుక చల్లినట్టుండే మచ్చలతో, నిండిపోయాయి. ఇలాంటి ఫోటోలు నాలుగు వరుసగా చూసుకున్నాక, మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో కెమెరా పట్టుకొని తిరిగే మన తెలుగువాళ్లకు సహజంగా కలిగే ఆలోచన ఒకటే: ఈసారి బోనస్ రాగానే ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా, కొనేయాలి. ఆ డబ్బు నిజంగా బాడీ (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా) మీదే పెట్టవలసినదా, కాదా అన్నది ఈ వీడియోలో పరిశీలిద్దాం.

[తెరపై: అదే ఫోటో వివరాలు. 55 మిల్లీమీటర్లు, ఎఫ్ 5.6, సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ 6400.]

దుకాణానికి వెళ్లే ముందు చేయవలసిన పని, పాడైన ఫోటోలను తెరిచి వాటితోపాటు నమోదైన ఈ నాలుగు అంకెలను చదవడం. మొదటిది లెన్స్ దృశ్యాన్ని ఎంత దగ్గరకు లాగిందో, రెండవది లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో (ఎఫ్ సంఖ్య చిన్నదైతే రంధ్రం పెద్దది), మూడవది షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో, నాలుగవది అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచిందో చెబుతుంది. బోర్డు స్పష్టంగా ఉండి మనుషులు మాత్రమే చెదిరారంటే చేయి వణకలేదని, ఫోకస్ కూడా పూర్తిగా తప్పిపోలేదని, నడుస్తున్న మనిషిని ఆపడానికి సెకనులో 60వ వంతు చాలలేదని అర్థం. ఫ్రేములో ఉన్నదంతా ఒకే దిశలో సాగినట్టు కనిపిస్తే అది చేతి వణుకు. చెవి స్పష్టంగా ఉండి కన్ను మసకగా ఉంటే అది ఫోకస్ లోపం. ఈ మూడింటికీ మందులు వేరు. కొత్త బాడీల ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే స్టెబిలైజేషన్ చేతి వణుకును సరిచేస్తుందే తప్ప, ఎదుట నడిచే మనిషిని ఆపలేదు. ఈ తేడా తెలియక కొన్నవారు అదే వీధిలో, అదే వెలుతురులో మళ్లీ చెదిరిన ముఖాలనే తెచ్చుకుంటారు.

ఇప్పుడు ఈ ఫోటోకే లెక్క వేద్దాం. ఎఫ్ 5.6 వద్ద ఉన్న లెన్స్ స్థానంలో 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ పెడితే దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది. ఫోటోగ్రాఫర్ల లెక్కలో అది మూడు స్టాపుల పైచిలుకు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). అందులో రెండు స్టాపులను షట్టర్‌కు కేటాయిస్తే వేగం సెకనులో 250వ వంతుకు చేరి, నడుస్తున్న మనిషి ముఖం నిలుస్తుంది. మిగిలినది ఐఎస్‌ఓను 6400 నుంచి సుమారు 2500కు దించుతుంది. చెదరడం, నాయిస్ రెండూ ఒకే లెన్స్‌తో తగ్గాయి, బాడీ పాతదే. దీనికి చెల్లించవలసిన మూల్యమూ ఉంది. మూడు మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 వద్ద స్పష్టంగా ఉండే లోతు పావు మీటరుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది కాబట్టి, ముందు వరుసలోని మనిషి దొరికితే వెనక వరుసలోని మనిషి మసకబారుతాడు.

[తెరపై: రెండు దీర్ఘచతురస్రాలు. ఒకటి 36 × 24, రెండవది 23.5 × 15.6 మిల్లీమీటర్లు.]

ఫుల్ ఫ్రేమ్ ఇచ్చేదేమిటో కూడా న్యాయంగా చూడాలి. దాని వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ వైశాల్యం సుమారు 367. అంటే ఒకే దృశ్యాన్ని ఒకే ఎఫ్ సంఖ్యతో, ఒకే షట్టర్‌తో తీసినప్పుడు పెద్ద సెన్సర్ మీద 2.3 రెట్లకు పైగా వెలుతురు పడుతుంది. చీకట్లో కనిపించే నాయిస్‌లో పెద్ద భాగం కాంతి కణాల రాకలో స్వతహాగా ఉండే హెచ్చుతగ్గుల వల్ల పుడుతుంది. ఆ హెచ్చుతగ్గులు కాంతి పరిమాణపు వర్గమూలాన్ని అనుసరిస్తాయి కనుక 2.3 రెట్ల వెలుతురుకు ఫోటో శుభ్రత దాదాపు ఒకటిన్నర రెట్లు మెరుగవుతుంది. ఇది నిజమైన లాభమే. అయితే లెన్స్ ఇచ్చిన పదింతల పక్కన పెట్టి చూసినప్పుడే దాని అసలు స్థాయి తెలుస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. బడ్జెట్ అంతా ఫుల్ ఫ్రేమ్ బాడీకే పోయి, దానికి ఎఫ్ 4 జూమ్ మాత్రమే కొనగలిగితే, సెన్సర్ మీద పడే మొత్తం వెలుతురు ఏపీఎస్-సీ బాడీకి ఎఫ్ 2.8 జూమ్ తగిలించినప్పుడు పడే వెలుతురుతో దాదాపు సమానం. నేపథ్యం మసకబారే తీరు కూడా దాదాపు అంతే. ఆ రెండు ఖర్చులకు మధ్య ఉన్న దూరాన్ని మాత్రం దుకాణదారు లెక్కగట్టి చెప్పడు. పాత లెన్సులనే కొత్త బాడీకి వాడుకుందామనుకునేవారు మరో సంగతి గమనించాలి. ఏపీఎస్-సీ లెన్స్ తగిలిస్తే ఫుల్ ఫ్రేమ్ బాడీ మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్లు అప్పుడు పదిన్నర దగ్గరకు పడిపోతాయి. పెద్ద సెన్సర్‌కు డబ్బు కట్టి చిన్న సెన్సర్‌ను వాడుకోవడం వింతైన పొదుపు.

[తెరపై: హెబ్బాళ చెరువు గట్టు, ఎగురుతున్న కొంగ.]

ఆడలేక మద్దెల ఓడన్నారనే సామెతను ఇలాంటి చర్చల్లో అందరూ విసురుతారు గానీ, కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓటిదై ఉంటుంది. హెబ్బాళ చెరువు మీద ఎగిరే పక్షిని పాత బాడీ ఫోకస్ వెంటాడలేకపోతే, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అది పూర్తిగా తీరే లోపం కాదు. పక్షి కన్నును గుర్తించి దాన్నే అంటిపెట్టుకొని ఉండే ఫోకస్ కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీలలో వచ్చింది. బాడీ మార్చడానికి నా దృష్టిలో అన్నిటికంటే బలమైన కారణం అదే. కానీ అందుకు ఫుల్ ఫ్రేమ్ అవసరం లేదు. 300 మిల్లీమీటర్ల లెన్స్ ఏపీఎస్-సీ మీద ఫుల్ ఫ్రేమ్ మీద 450 మిల్లీమీటర్ల లెన్స్ చూపే దృశ్యాన్ని ఇస్తుంది కాబట్టి పక్షుల విషయంలో చిన్న సెన్సరే అనుకూలం. 2016లో వచ్చిన నికాన్ డీ500, 2022లో వచ్చిన కెనాన్ ఆర్7 రెండూ ఏపీఎస్-సీ కెమెరాలే కావడానికి అదొక కారణం.

పెళ్లిళ్లను డబ్బు తీసుకొని చిత్రీకరించేవారికి రెండు కార్డుల స్లాట్లు ఉన్న బాడీ విలాసం కాదు. తాళి కట్టే క్షణం మళ్లీ రాదు, కార్డు పాడైతే సమాధానం చెప్పవలసింది ఫోటోగ్రాఫరే. కల్యాణ మండపాల్లో ఎల్ఈడీ దీపాల కింద ఫోటోలపై అడ్డంగా చారలు పడితే మాత్రం వెంటనే బాడీని నిందించనక్కరలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, చౌక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపి, వేగాన్ని సెకనులో 100వ వంతుకు తెస్తే చాలా చోట్ల చారలు పోతాయి. పూజారి కదలిక ఆ వేగానికి ఆగకపోతే అప్పుడు కొత్త సెన్సర్ గురించి ఆలోచించవచ్చు.

మెగాపిక్సెళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 12 × 18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 × 5400 పిక్సెళ్లు చాలు. 24 మెగాపిక్సెళ్ల ఫైల్ దానికి మించే ఉంటుంది.

ఇంకా సందేహం మిగిలితే, బెంగళూరులో కెమెరాలు అద్దెకిచ్చే దుకాణాలకు కొదవ లేదు. చూస్తున్న ఫుల్ ఫ్రేమ్ బాడీని ఒక రోజుకు, మీ పాత బాడీకి సరిపడే ఎఫ్ 2.8 జూమ్‌ను అదే రోజుకు తెచ్చుకొని, కేఆర్ మార్కెట్‌లో పూల బుట్టలు దిగే తెల్లవారుజామున రెండింటితోనూ ఒకే చోట నిలబడి తీయండి. ఫోటోలను కంప్యూటర్‌లో వంద శాతానికి పెంచి కాదు, మీరు మామూలుగా వేయించుకునే సైజులో ప్రింటు తీయించి పక్కపక్కన పెట్టి చూడండి. ప్రింటులో తేడా కనిపించి, అది మీకు అవసరమైన తేడాయే అయితే కొనుక్కోవచ్చు. అప్పుడు మాత్రం తక్కువ ధరకు వస్తోందని భారత వారంటీ లేని దిగుమతి సరుకు తీసుకోకండి. సెకండ్ హ్యాండ్ అయితే షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూపించమని అడిగి, ఒరిజినల్ బిల్లు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.