అడ్వాన్సు మన డబ్బు కాదు

అందరికీ నమస్కారం. ట్రావెల్ ఏజెన్సీ పెట్టాలని ఇంతమంది ముందుకు రావడం నాకు చాలా సంతోషంగా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఏజెన్సీ నడుపుతూ నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. కస్టమర్ కట్టిన అడ్వాన్సు, ఆయన యాత్ర ముగించుకుని ఇంటికి చేరేదాకా మన డబ్బు కాదు.

ఈ వ్యాపారం మొదలుపెట్టడం తేలిక. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన ఐఏటీఏ గుర్తింపు లేకపోయినా ఏదో ఒక బుకింగ్ పోర్టల్‌లో సబ్ ఏజెంట్‌గా చేరి, వాలెట్‌లో డబ్బు వేసుకుని విమాన టికెట్లు ఇవ్వొచ్చు. రైలు టికెట్లకు మాత్రం ఏజెంట్ ఐడీ తీసుకోవాల్సిందే. సొంత ఐడీతో టికెట్లు తీసి అమ్మితే రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఈ ఒక్క విషయంలో ఎవరి సలహా వినకండి, ఎంత దగ్గరి చుట్టమైనా సరే.

అయితే టికెట్ల మీద మిగిలేది తక్కువ. 2008 చివర్లోనే పెద్ద విమాన సంస్థలు ఏజెంట్ల కమీషన్ ఎత్తేశాయి. ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ టికెట్ యాప్ ఉంది. చిన్న ఏజెన్సీని నిలబెట్టేది ప్యాకేజీలే. కాశీ, అరుణాచలం, చార్‌ధామ్, వేసవి సెలవుల్లో కశ్మీర్. ప్యాకేజీ అనగానే పెద్ద మొత్తం చాలా ముందుగా చేతికొస్తుంది. అసలు ప్రమాదం అక్కడే.

కార్తీక మాసానికి కాశీ యాత్ర వేశామనుకోండి. 30 మంది, మనిషికి 10,000 అడ్వాన్సు. మొత్తం 3 లక్షలు. రైలు రిజర్వేషన్ మొదలయ్యేది ప్రయాణానికి 60 రోజుల ముందే. అప్పటిదాకా ఆ డబ్బు ఖాతాలో కనిపిస్తూ ఉంటుంది. ఆఫీసుకు ఏసీ పెట్టిద్దామనిపిస్తుంది. కశ్మీర్ గ్రూపు విమాన టికెట్లకు అర్జెంటుగా కట్టాల్సి వస్తే ఇందులోంచి తీద్దామనిపిస్తుంది. ఆ తర్వాత కాశీ వాళ్ల కోసం మరో గ్రూపు అడ్వాన్సు మీద చెయ్యి పడుతుంది. మోసం చేయాలన్న ఆలోచనే లేనివాళ్లు కూడా ఇలాగే బోర్డు తిప్పేసే స్థితికి వస్తారు.

మన తప్పు లేకపోయినా డబ్బు ఇరుక్కోవచ్చు. 2023 మే 3న గో ఫస్ట్ అనే విమాన సంస్థ విమానాలు ఆగిపోయాయి. టికెట్ డబ్బు అక్కడ ఇరుక్కుపోయినా, కస్టమర్ అడిగేది చేతికి రసీదు ఇచ్చిన మనల్నే. 2019 సెప్టెంబరులో బ్రిటన్‌లో థామస్ కుక్ అనే పెద్ద ట్రావెల్ కంపెనీ మూతపడింది. 1841లో మొదలైన సంస్థ అది. అప్పటికి దాని బ్రిటన్ కస్టమర్లు సుమారు లక్షన్నర మంది విదేశాల్లో ఉన్నారు. ప్యాకేజీ కొన్నవాళ్ల రక్షణ కోసం ఆ దేశంలో ఒక నిధి ఉంది కాబట్టి ప్రభుత్వం వాళ్లను ఇళ్లకు చేర్చగలిగింది. మన దగ్గర అలాంటి నిధి లేదు. అందుకే మనమే ఏర్పాటు చేసుకోవాలి.

మా పద్ధతి చెబుతాను. రెండు బ్యాంకు ఖాతాలు. అడ్వాన్సులన్నీ రెండో ఖాతాలోకే వెళతాయి. అందులోంచి ఆ గ్రూపు రైలుకు, హోటల్‌కు, బస్సుకు తప్ప ఇంకే ఖర్చుకూ పైసా తీయం. జీఎస్టీ, విదేశీ ప్యాకేజీల మీద కస్టమర్ దగ్గర వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను కూడా ప్రభుత్వానికి కట్టేదాకా అక్కడే ఉంటాయి. యాత్ర ముగిశాక మిగిలిన లాభం మొదటి ఖాతాకు వస్తుంది. అద్దె, జీతాలు దాంట్లోంచే. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది. దానికి చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకులు ఇచ్చే ముద్ర లోను తీసుకోండి, కిశోర్ కేటగిరీలో 5 లక్షల దాకా ఇస్తారు. కస్టమర్ డబ్బు వాడుకోవడం కన్నా వడ్డీ కట్టడం నయం.

మరి యాప్‌ను వదిలి మన దగ్గరికి ఎందుకొస్తారు? మనం వివరంగా పట్టించుకుంటాం కాబట్టి. లోయర్ బెర్త్ కోటా 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు ఉంది. కానీ ఒక టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉంటేనే వర్తిస్తుంది. ఆరుగురు పెద్దవాళ్లను ఒకే టికెట్‌లో వేస్తే ఆ కోటా పోతుంది. ఇద్దరిద్దరుగా తీయాలి. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు సుమారు 16 కిలోమీటర్ల నడక అని, పైన ఊపిరి అందడం కష్టమని అడ్వాన్సు తీసుకోకముందే చెప్పాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లను డాక్టర్‌ను అడిగి రమ్మనాలి. ఆ రోజు ఒక బుకింగ్ పోతే పోనివ్వండి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, రాజమండ్రి. హైదరాబాద్ నుంచి ఎన్ని బస్సులు వేసినా చాలవు. కానీ గదులు చూసుకోకుండా అడ్వాన్సులు పట్టకండి. ముందు మీరే వెళ్లి ఘాట్‌కు ఎంత నడక ఉందో చూడండి, గది యజమానితో కాగితం రాయించుకోండి, క్యాన్సిల్ అయితే ఎంత వెనక్కిస్తారో రసీదు మీదే అచ్చు వేయించండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.